ఎక్కిన గేర్‌లోనే దిగల్ల: కొండ దారిలో హాఫ్ మారథాన్

నేను బస్సు డ్రైవర్‌ని. కడప–రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. కొత్తలో సీనియర్ ఒకాయన నా పక్కన నిలబడి ఒకటే మాట చెప్పాడు: “అబ్బీ, ఏ గేర్‌లో ఎక్కినావో ఆ గేర్‌లోనే దిగల్ల.” బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే డ్రమ్ములు వేడెక్కి, తీరా అవసరమైనప్పుడు బ్రేకు పట్టదు. ఆ మాట బస్సుకు పాటించాను గానీ, నా కాళ్లకు పాటించలేదు.

44 ఏళ్ల వయసులో మొదటిసారి కొండ దారి హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను. 21 కిలోమీటర్ల పైచిలుకు. మూడు నెలలు ఎక్కడమే ప్రాక్టీసు చేశా. పందెం రోజు ఎక్కుడు బాగానే అయింది. 14వ కిలోమీటరు దగ్గర దిగుడు మొదలవగానే, “హమ్మయ్య, ఇంక ఊరికే వచ్చేస్తుంది” అనుకుని కాళ్లు వదిలేశా. ముందున్న పదిమందిని దాటేశా కూడా. 17 దగ్గర తొడలు వణకడం మొదలైంది. 18 దగ్గర, నేను దాటినవాళ్లందరూ నన్ను దాటుకుంటూ పోయారు. రెండో రోజు డ్యూటీకెళ్లి సీట్లో కూర్చుని క్లచ్ తొక్కితే ఎడమ తొడ టకటకా కొట్టుకుంది. అలా బండి తీయడం తప్పని సెలవు పెట్టేశా. బస్సు మెట్లు వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని దిగుతుంటే మా కండక్టర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

జరిగిందేమిటంటే, ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు మన బరువును ఆపుతూనే సాగుతుంది. అలా సాగుతూ బరువు మోసినప్పుడే కండరంలో సన్నసన్నగా చిరుగులు పడతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులాగి పట్టుకుంటుంది. ఎక్కుడులో ఊపిరి అందకపోతే ఒక నిమిషం నడిస్తే సర్దుకుంటుంది. దిగుడులో తొడలు పోతే ఆ రోజుకు పోయినట్టే.

అందుకే చదును రోడ్డు మీద 10 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగాకే మొదలుపెట్టి, 12 వారాలు పెట్టుకోండి. వారానికి మూడు పరుగులు చాలు. ఒకటి తేలిక పరుగు. ఒకటి పొడవు పరుగు, 10తో మొదలై మెల్లగా 18కి చేరాలి. మూడోది మిట్ట మీద: నిమిషం పాటు ఎక్కడం, నడుచుకుంటూ దిగడం, ఆరుసార్లు. నాలుగో వారం నుంచి దిగుడును కూడా పరుగులో కలపండి. మొదట 200 మీటర్లు, నాలుగుసార్లు, అంతే. మరుసటి రోజు తొడలు నొస్తాయి, భయపడొద్దు. అదే పని పది రోజుల తర్వాత చేస్తే సగం కూడా నొప్పి ఉండదు, కండరం అలవాటు పడుతుంది. పందేనికి రెండు వారాల ముందు గట్టి దిగుడు ప్రాక్టీసు ఆపేయండి.

దిగేటప్పుడు చెవి పెట్టి వినండి. “ధబ్ ధబ్” అని వినిపిస్తే కాలు ముందుకు చాచి మడమతో బ్రేకు వేస్తున్నట్టు. అడుగు చిన్నది చేసి, ఎక్కువ అడుగులు వేయండి. పాదం నడుము కిందే పడాలి. ఒళ్లు వెనక్కి వాల్చొద్దు. చేతులు కాస్త వెడల్పుగా, వదులుగా ఉండనివ్వండి. చప్పుడు “టప టప టప” అని తేలికగా మారుతుంది. నా లెక్కలో అదే సెకండ్ గేర్.

ఎక్కుడు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వాచీ చూడొద్దు. పక్కనున్నవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే నడవండి. సిగ్గేం లేదు, బస్సు కూడా గేరు దించుతుంది.

ఎక్కడ ప్రాక్టీసు చేయాలి? గువ్వలచెరువు ఘాట్‌లో మాత్రం వద్దు. అక్కడ లారీలు మలుపులో ఎలా వస్తాయో స్టీరింగ్ వెనక నుంచి చూసినవాణ్ణి. పాలకోవా తినడానికి వెళ్లండి, పరుగుకు వద్దు. నేను ఇప్పుడు జమ్మలమడుగులో ఉంటున్నా కాబట్టి గండికోట దారి పట్టుకుంటా. తెల్లారి వెలుతురు వచ్చాకే, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడిపక్కన. కుడివైపు తిరిగే మలుపు వస్తే లోపలి అంచున మీరు డ్రైవర్‌కు కనబడరు. ముందే చూసుకుని అవతలి పక్కకు మారండి.

బూట్లలో బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. పై కన్నం దాకా లేసు బిగిస్తే దిగేటప్పుడు పాదం ముందుకు జారదు. గోళ్లు రెండు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి. నాది ఒకటి నల్లబడి ఊడిపోయింది.

ముందు రాత్రి సంగటి, ఊరుబిండి నేను మానేస్తా, పొట్ట బరువవుతుంది. అన్నం, చారు చాలు. పొద్దున రెండు గంటల ముందు ఉగ్గాని కొంచెం, బజ్జీ లేకుండా (ఇది నాకు అన్నిటికన్నా కష్టమైన నియమం). దారిలో ఖర్జూరాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపండి. అరలీటరు బాటిల్లో మొత్తం ఒంపితే కడుపు తిప్పుతుంది. మన ఎండల్లో ఏడు దాటాక పొడవు పరుగు పెట్టుకోవద్దు.

రెండోసారి పందెంలో దిగుడంతా నన్ను దాటిపోయినవాళ్లే. చివరి మూడు కిలోమీటర్లలో వాళ్లలో చాలామంది నడుస్తూ కనిపించారు. రెండు రోజులాగి డ్యూటీ ఎక్కా. క్లచ్ తొక్కా, కాలు వణకలేదు. కండక్టర్ మెట్ల దగ్గరే నిలబడి నేను ఎలా దిగుతానా అని చూస్తున్నాడు. మామూలుగా దిగి టీకి పోయా.