ఫోన్ మన చేతిలో – 4వ పాఠం: ఎదుటివాళ్లకి కనిపించే పేరు మార్చుకోవడం

పోయిన పాఠంలో సెట్టింగ్స్ తెరిచి, పైన ఉండే సెర్చ్‌లో కావాల్సిన మాట కొట్టి వెతుక్కోవడం నేర్చుకున్నాం. ఆ ఒక్క అలవాటు ఈ రోజు చాలా పనికొస్తుంది, ఎందుకంటే పేరు మార్చే చోటు ఒక్కో ఫోన్‌లో ఒక్కో మూల ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం ఒక వెయిటింగ్ హాల్లో కూర్చుని, నా లాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి, అంటే ఫోన్‌లోని ఇంటర్నెట్‌ని వైఫైలా పక్క పరికరాలకి పంచే సదుపాయానికి, కలుపుకున్నాను. పక్కన కూర్చున్నాయన తన ఫోన్‌లో వైఫై జాబితా చూస్తూ, నా పూర్తి పేరు ఇంటిపేరుతో సహా పైకి చదివి, "ఇది మీదేనా అండీ?" అని అడిగాడు. ఆయన మంచిగానే అడిగాడు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఫోన్ కొన్న రోజు ఏదో పేరు అడిగితే, ఆలోచించకుండా పూర్తి పేరు కొట్టేశాను. అప్పటి నుంచి హాట్‌స్పాట్ ఆన్ చేసిన ప్రతిచోటా నా పేరు చుట్టుపక్కల అందరికీ కనిపిస్తూనే ఉంది. ఈ పాఠం రాయాలని అప్పుడే అనుకున్నాను.

ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకుందాం. "నా పేరు మార్చాను, అయినా పాతదే కనిపిస్తోంది" అని చాలామంది అంటుంటారు. మన పేరు ఒక్కచోట ఉండదు కాబట్టే ఆ ఇబ్బంది. ఒకటి ఫోన్‌కి ఉన్న పేరు. రెండోది గూగుల్, వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటి ఖాతాల్లో మనం ఇచ్చిన పేరు, అదీ ఏ ఖాతాకి ఆ ఖాతాలో విడివిడిగా ఉంటుంది. మూడోది ఎదుటివాళ్లు మన నంబర్‌ని తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు. మొదటి రెండూ మన చేతిలో ఉన్నాయి. మూడోది లేదు. ఏ పేరు ఎక్కడిదో తెలిస్తే టెన్షన్ సగం తగ్గిపోతుంది.

ఫోన్ పేరు

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ వరుసగా తెరిస్తే మొదట కనిపించేదే నేమ్. దాన్ని నొక్కి కొత్త పేరు కొట్టండి. హాట్‌స్పాట్, బ్లూటూత్, ఎయిర్‌డ్రాప్ (ఐఫోన్ల మధ్య ఫొటోలు, ఫైళ్లు పంపుకునే సదుపాయం) అన్నింట్లోనూ కనిపించేది ఇదే కాబట్టి ఒక్కసారి మారిస్తే సరిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని అబౌట్ ఫోన్‌లో డివైస్ నేమ్ ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది మారిస్తే బ్లూటూత్, హాట్‌స్పాట్ పేర్లు కూడా మారిపోతాయి. మరికొన్నింటిలో అవి విడిగా ఉంటాయి. అందుకని ఇది మార్చాక సెట్టింగ్స్ సెర్చ్‌లో హాట్‌స్పాట్ అని కొట్టి, అక్కడున్న పేరు కూడా చూడండి. నా అనుభవంలో పాత పేరు ఎక్కువగా మిగిలిపోయేది అక్కడే. సెకండ్ హ్యాండ్ ఫోన్ అయితే పాత యజమాని పేరే ఇంకా ఉండొచ్చు. అదే జరిగితే పేరు మార్చి ఊరుకోకండి, ఆ ఫోన్‌లో పాత వాళ్ల ఖాతా కూడా మిగిలి ఉందేమో చూడండి.

హాట్‌స్పాట్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. కానీ ఒక చిక్కు ఉంది. వైఫై పేరుకి ఉన్న హద్దు 32 బైట్లు. బైటు అంటే ఫోన్‌లో అక్షరాలు పట్టే చోటుకి కొలత. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు తీసుకుంటే, తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, చివరికి పొల్లు కూడా విడివిడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయి. "సుజాత ఫోన్" అని రాస్తే 28 బైట్లు, పడుతుంది. "వెంకటలక్ష్మి" అన్న ఒక్క మాటే 36 బైట్లు, పట్టదు. కంటికి చిన్నగా కనిపించే పేరుని ఫోన్ ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలియక తప్పు మనదే అనుకుంటాం. తప్పు మనది కాదు, మన లిపికి చోటు ఎక్కువ కావాలి, అంతే.

నా సలహా అడిగితే, ఫోన్‌కి మీ పేరే పెట్టొద్దు. "నీలి గాలిపటం" లాంటిదేదైనా పెట్టుకోండి. ఆ పేరుతో పని పడేది మీకూ, మీ ఇంట్లోవాళ్లకే. ఆడవాళ్లకి, ఒంటరిగా ప్రయాణం చేసేవాళ్లకి ఈ మాట మరీ గట్టిగా చెప్తాను. హాట్‌స్పాట్ పేరు మార్చిన తర్వాత, ఇంతకుముందు దానికి కలిసిన లాప్‌టాప్‌లో కొత్త పేరు ఎంచుకుని మళ్లీ కలపాలి. కారులోనో మరో పరికరంలోనో బ్లూటూత్ పాత పేరే చూపిస్తుంటే, అక్కడ మీ ఫోన్‌ని తీసేసి మళ్లీ జత చేయండి.

ఖాతాల్లో పేరు

వాట్సాప్‌లో సెట్టింగ్స్ తెరిచి మీ ఫొటో మీద నొక్కితే పేరు కనిపిస్తుంది. 25 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకి ఈ పేరు కాక, వాళ్లు సేవ్ చేసుకున్న పేరే కనిపిస్తుంది. సేవ్ చేసుకోనివాళ్లకి, ముఖ్యంగా గ్రూపుల్లో, మీ నంబర్ పక్కన చిన్న అల గుర్తుతో ఈ పేరు వస్తుంది. ఫొటో ఎవరికి కనపడాలో ఎంచుకోవచ్చు కానీ పేరుకి ఆ వీలు లేదు. అంటే ఈ పేరు నిజానికి ముక్కూముఖం తెలియని వాళ్లు చూసే పేరు. అది గుర్తుపెట్టుకుని రాసుకోండి.

గూగుల్ ఖాతా పేరుకి ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో మేనేజ్ యువర్ గూగుల్ అకౌంట్, ఆపై పర్సనల్ ఇన్ఫోకి వెళ్లండి. ఇక్కడ మార్చినంత మాత్రాన మీ మెయిల్ అడ్రస్ మారదు, ఇదివరకు పంపిన మెయిల్స్‌లో పేరూ మారదు. ఇంకో మెలిక ఉంది: జీమెయిల్‌లో మెయిల్ పంపేటప్పుడు కనిపించే పేరుకి వేరే చోటు ఉంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్ కింద, సెండ్ మెయిల్ యాజ్ పక్కన ఎడిట్ నొక్కాలి. ఫోన్ యాప్‌లో దీనికోసం గంటలు వెతికినా దొరకదు. ఉద్యోగానికి దరఖాస్తులు పంపేవాళ్లు ఈ ఒక్కటీ తప్పకుండా చూసుకోండి. కాలేజీ రోజుల్లో సరదాగా పెట్టుకున్న పేరు ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉండొచ్చు.

ఫేస్‌బుక్‌లో తొందరపడకండి. ఒకసారి మారిస్తే 60 రోజుల దాకా మళ్లీ మార్చనివ్వరు. అంకెలు, గుర్తులు, బిరుదులు ఒప్పుకోరు, ఒక్కోసారి గుర్తింపు పత్రం కూడా అడుగుతారు. స్పెల్లింగ్ ముందు కాగితం మీద రాసి చూసుకుని, అప్పుడు కొట్టండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకుంటున్నవాళ్లు, చిన్ననాటి స్నేహితులు వెతికితే దొరకాలనుకుంటే, పాత పేరుని ప్రొఫైల్‌లో అదర్ నేమ్స్ దగ్గర చేర్చుకోవచ్చు. పాత పేరుని పూర్తిగా వదిలేసి బయటపడాలనుకున్నవాళ్లు మాత్రం అక్కడ ఏదైనా మిగిలి ఉంటే తీసేయండి. ఆ నిర్ణయం మీది, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

ఇన్‌స్టాగ్రామ్ పేరు, యూట్యూబ్ ఛానల్ పేరు 14 రోజుల్లో రెండుసార్లు మార్చుకోవచ్చు. యూట్యూబ్‌లో మార్చితే గూగుల్ ఖాతా పేరు మారదు. ఎక్స్‌లో (ఒకప్పటి ట్విట్టర్) కనిపించే పేరు 50 అక్షరాల దాకా ఉండొచ్చు, ఎట్ గుర్తుతో మొదలయ్యే యూజర్ నేమ్ మాత్రం 15 దాటకూడదు. ఈ రెండూ వేరువేరు సంగతులు. యూజర్ నేమ్ గురించి ఇంకో పాఠంలో వివరంగా చెప్తాను.

ఒక జాగ్రత్త. పేరు, ఫొటో రెండూ ఒకేరోజు మార్చకండి. తెలిసినవాళ్ల పేరుతో మోసం చేసేవాళ్లు ఎక్కువైన రోజులివి. రెండూ ఒక్కసారే మారితే మీవాళ్లే మిమ్మల్ని అనుమానిస్తారు. ముందు పేరు మార్చి, దగ్గరివాళ్లకి ఫోన్ చేసి చెప్పి, వారం తర్వాత ఫొటో మార్చండి.

ఎదుటివాళ్ల ఫోన్‌లో పేరు

దీన్ని మనం మార్చలేం, అడగాలి. సులువైన దారి ఒకటుంది. మీ నంబర్‌నే మీ కాంటాక్ట్స్‌లో కొత్త పేరుతో సేవ్ చేసి, ఆ కాంటాక్ట్‌ని వాట్సాప్‌లో పంపండి. అవతలివాళ్లు పేరు కొట్టే పని లేకుండా, స్పెల్లింగ్ తప్పు పోకుండా సేవ్ చేసుకుంటారు.

ఈ వారం అభ్యాసం: మీ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో వైఫై జాబితా తెరిచి ఏ పేరు కనిపిస్తోందో చూడండి. ఇంట్లో ఇంకొకరికి ఒక మెయిల్ పంపి, వాళ్ల దగ్గర పంపినవారి పేరు చదవండి. మీ నంబర్ సేవ్ చేసుకోని ఒకరిని, గ్రూపులో మీ పేరు ఎలా వస్తోందో స్క్రీన్‌షాట్ పంపమనండి. మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ప్రొఫైల్ ఫొటో ఎవరెవరికి కనపడాలో చూసేటప్పుడు ఆ కాగితం మళ్లీ కావాలి.