మనకు మనమే కంప్యూటర్ – 4వ పాఠం: విండోస్ ఎప్పుడు ఎక్కింది, ఎప్పటినుంచి నడుస్తోంది

కిందటి పాఠంలో కమాండ్ ప్రాంప్ట్ తెరవడం చూశాం. ఈసారి దానితో పని చేయించుకుందాం.

పర్లాకిమిడిలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు పెట్టాలనుకునేవాళ్లు బరంపురం నుంచో విశాఖ నుంచో సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ తెచ్చుకోవడం మామూలే. అమ్మేవాడు "రెండేళ్లే వాడాం బాబూ" అంటాడు. అందులో నిజమెంతో కొంతవరకు కంప్యూటర్నే అడగొచ్చు.

స్టార్ట్ మెనూలో సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నల్లటి తెర వచ్చాక సిస్టమ్, ఇన్ఫో అనే రెండు మాటలనూ ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పాత మెషీన్ అయితే కాసేపు నీలుగుతుంది, ఆగండి. తర్వాత వచ్చే పెద్ద జాబితాలో ఒరిజినల్ ఇన్‌స్టాల్ డేట్, సిస్టమ్ బూట్ టైమ్, బయోస్ వెర్షన్ అనే మూడు వరుసలు మనకు చాలు. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్ని మొదలుపెట్టే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాము.

మొదటిదాంట్లో తేదీ 04-07-2023 అని ఉందనుకోండి. అది జూలై 4 కావచ్చు, ఏప్రిల్ 7 కూడా కావచ్చు. ఆ కంప్యూటర్లో రీజియన్ ఇండియా అని ఉంటే రోజు ముందు వస్తుంది, అమెరికా అని ఉంటే నెల ముందు వస్తుంది. పాత కంప్యూటర్లలో రీజియన్ మార్చకుండా అమెరికాకే వదిలేసినవి బోలెడు.

అసలు తిరకాసు వేరే ఉంది. పేరు ఒరిజినల్ అనే ఉన్నా, విండోస్ 10, 11లలో పెద్ద అప్‌డేట్ ఎక్కినప్పుడల్లా ఈ తేదీ మారిపోతుంది. 2016లో విండోస్ 10 వేసి, 2022లో దానిమీదే 11కి అప్‌గ్రేడ్ చేస్తే అక్కడ 2016 కనబడదు. పాత తేదీల జాడ మాత్రం రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, మిగులుతుంది. స్టార్ట్ మెనూలో రెజ్‌ఎడిట్ అని కొట్టి తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సిస్టమ్, అందులో సెటప్ అనే ఫోల్డర్ చూడండి. సోర్స్ ఓఎస్ అని మొదలై, పక్కన అప్‌డేట్ అయిన తేదీ ఉన్న ఫోల్డర్లు కనిపిస్తే, ఆ మెషీన్ మీద అంతకుముందే విండోస్ నడిచిందన్నమాట. చూసి మూసేయండి. రిజిస్ట్రీలో చెయ్యి పెట్టే పాఠం ఇది కాదు.

అమ్మేవాడు పూర్తిగా ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేస్తే ఈ జాడ కూడా పోతుంది. పాత హార్డ్ డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేస్తే మాత్రం, డిస్క్ కొత్తదైనా తేదీ పాతదే వస్తుంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి గడియారం తప్పినప్పుడు విండోస్ వేశారా, ఆ తప్పు తేదీయే రాసుకుంటుంది. అందుకే నేను మెషీన్ వయసుకి ఇన్‌స్టాల్ తేదీని సాక్ష్యంగా తీసుకోను. బయోస్ వెర్షన్ పక్కనున్న తేదీ దానికంటే కాస్త నయం. అక్కడ 2014 అని ఉంటే రెండేళ్ల మాట అక్కడితో సరి. కొత్త తేదీ ఉంటే మాత్రం మెషీన్ కొత్తదని అనుకోకండి, బయోస్‌ని కూడా అప్‌డేట్ చేయొచ్చు. పెట్టె వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో చూసుకోవడమే గట్టి దారి.

ఇక రెండో సంగతి, అప్‌టైమ్. అంటే విండోస్ మొదలైనప్పటినుంచి (సిస్టమ్ బూట్ టైమ్ వరుసలో ఉండేది ఆ సమయమే) ఎంతసేపైందన్న లెక్క. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కితే కింద అప్‌టైమ్ ఉంటుంది. 6:03:20:15 అంటే ఆరు రోజుల మూడు గంటల ఇరవై నిమిషాల పదిహేను సెకన్లు.

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే ఇంటికెళ్తాను, ఆరు రోజులెలా అయ్యాయి?" అని ఎవరికైనా అనుమానం వస్తుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ చేసినప్పుడు మీ ప్రోగ్రాములన్నీ మూతపడతాయి గానీ, విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ అనే భాగం మూతపడదు. తన స్థితిని డిస్క్‌లో దాచుకుని, పొద్దున్న అక్కడినుంచే అందుకుంటుంది. కాబట్టి లెక్క సున్నాకి రాదు. రీస్టార్ట్ కొడితే వస్తుంది. ప్రింటర్ మొరాయించినప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా కుదరనిది రీస్టార్ట్‌తో కుదరడానికి చాలాసార్లు కారణం ఇదే. పూర్తిగానే ఆపాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి కరెంటు పోతే కూడా లెక్క మొదటికే వస్తుంది, అయితే అది చేయాల్సిన పద్ధతి కాదు.

మాటలో మాట. విండోస్ 95, 98ల్లో ఈ లెక్క మిల్లీ సెకన్లలో 32 బిట్ల అంకెలో ఉండేది. ఆపకుండా 49.7 రోజులు నడిస్తే అంకె నిండిపోయి మెషీన్ బిగుసుకుపోయే లోపం ఉండేది. అన్నాళ్లు ఆగకుండా నడిచిన విండోస్ 95ని చూసినవాళ్లెవరో మరి!

ఉబుంటు వాడేవాళ్లకు పని తేలిక. టెర్మినల్‌లో అప్‌టైమ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, అడ్డగీత, చిన్న ఎస్ కొడితే ఎప్పుడు మొదలైందో తేదీతో సహా చెబుతుంది. ఎస్ బదులు చిన్న పీ కొడితే ఎంతసేపైందో చెబుతుంది.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. ఇవాళ అప్‌టైమ్ కాగితం మీద రాసుకుని షట్‌డౌన్ చేయండి, రేపు ఆన్ చేసి మళ్లీ చూడండి. తర్వాత రీస్టార్ట్ చేసి మూడోసారి చూడండి. ఆ మూడు అంకెలూ దగ్గర పెట్టుకోండి, 5వ పాఠంలో ఫాస్ట్ స్టార్టప్‌ని ఆపే పద్ధతి వాటితోనే మొదలుపెడదాం.