గ్రనాడాలో చదువుకుంటూ ఊరంతా తిని తిరగడం ఎలా?

స్పెయిన్‌లో సెమిస్టర్ అనగానే అందరూ మాడ్రిడ్, బార్సెలోనా అంటారు, నాకేమో గ్రనాడా వచ్చింది. అమ్మకి ఊరి పేరు చెప్తే "గ్రెనేడా? అదేంటి బాంబు పేరులా ఉంది" అంది. నిజానికి స్పానిష్‌లో గ్రనాడా అంటే దానిమ్మ పండు, ఊళ్ళో గోడల మీద, స్తంభాల మీద, చివరికి చెత్తబుట్టల మీద కూడా దానిమ్మ బొమ్మే కనిపిస్తుంది. అక్కడ ఐదు నెలలున్నా. మొదటి నెలంతా టూరిస్టులా పరిగెత్తి డబ్బులూ కాళ్ళూ రెండూ పోగొట్టుకున్నా, తర్వాత అక్కడి వాళ్ళని చూసి నేర్చుకున్నా. మీకు ఆ మొదటి నెల మిగులుతుందేమో అని రాస్తున్నా.

1. దిగిన రోజే అలాంబ్రా టికెట్ చూస్కోండి

సామాన్లు తర్వాత సర్దుకోవచ్చు. కొండ మీదున్న పాత ముస్లిం రాజుల కోట అది, మనం అల్హంబ్రా అని రాస్తాం కానీ అక్కడ 'హ' పలకరు, అలాంబ్రా అంటారు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి, సీజన్‌లో అయితే ఇంకా ముందే. "ఇక్కడే ఉంటున్నాం కదా ఎప్పుడైనా వెళ్ళొచ్చులే" అనుకుంటే పరీక్షలయ్యి ఫ్లైట్ ఎక్కేదాకా చూడరు, నా రూమ్మేట్‌కి అదే జరిగింది. కొనేటప్పుడు అఫీషియల్ సైట్ అవునో కాదో రెండుసార్లు చూస్కోండి, అదే టికెట్‌ని ఎక్కువ రేటుకి అమ్మేవాళ్ళు బోలెడు మంది. నస్రిద్ ప్యాలెస్‌లు (ఆ రాజులు ఉన్న భవనాలు) కలిసి ఉన్న టికెట్టే తీసుకోండి, తోటలు మాత్రమే ఉండే టికెట్ చవకే గానీ అసలు చూడాల్సింది లోపలే ఉంది. టికెట్ మీద ప్యాలెస్‌లకి ఒక టైమ్ వేస్తారు, ఆ టైమ్ దాటితే లోపలికి పోనివ్వరు, బతిమాలినా లాభం లేదు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. మెయిన్ గేటు నుంచి ఆ ప్యాలెస్‌ల దాకా ఈజీగా పావుగంట పైనే నడక ఉంటుంది, అది లెక్కలో వేసుకోకపోతే చివర్లో పరుగే.

2. మీ కడుపు గడియారం మార్చుకోండి

ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ తిండి మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. మధ్యాహ్నం భోజనం రెండు, రెండున్నరకి, రాత్రి తిండి తొమ్మిది తర్వాతే. ఏడింటికి ఆకలేసి రెస్టారెంట్‌కి వెళ్తే కుర్చీలు బోర్లించి ఉంటాయి, తెరిచి ఉన్నా కిచెన్ ఉండదు. రెండు నుంచి ఐదు దాకా చిన్న షాపులు మూసేస్తారు, ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు బంద్, శనివారమే పాలూ పెరుగూ తెచ్చి పెట్టుకోవాలి. డబ్బులు పొదుపు చేయాలంటే బయట పెద్ద భోజనం మధ్యాహ్నమే చేయండి. మెను దెల్ దియా అని వీక్‌డేస్‌లో ఉంటుంది, మొదటి ప్లేటు, రెండో ప్లేటు, బ్రెడ్, డ్రింక్, స్వీటో పండో అన్నీ కలిపి ఒకటే రేటు, మన మీల్స్ లెక్క.

3. తపాస్: ఆర్డర్ చేయకుండా తినడం

ఇక అసలు విషయానికొస్తా. స్పెయిన్‌లో చాలా ఊళ్ళలో తపాస్‌కి, అంటే డ్రింక్‌తో పాటు తినే చిన్న ప్లేట్ల తిండికి, డబ్బులివ్వాలి, గ్రనాడాలో మాత్రం డ్రింక్ కొంటే చిన్న ప్లేటు తిండి ఫ్రీగా వస్తుంది, అడగక్కర్లేదు, దానంతట అదే వస్తుంది. ఏం వస్తుందో చాలా చోట్ల మీ చేతుల్లో ఉండదు. రెండో డ్రింక్ చెప్తే ఇంకో ఐటమ్, మూడోదానికి ఇంకొకటి, చాలా బార్లలో రౌండ్ పెరిగేకొద్దీ ప్లేటు కూడా కాస్త మెరుగవుతుంది. మూడు బార్లు తిరిగితే రాత్రి భోజనం అయిపోయినట్టే.

మందు తాగరా? ఏం పర్లేదు, నేనూ తాగను. కూల్‌డ్రింక్‌కీ వస్తుంది, ఆల్కహాల్ లేని బీరుకీ వస్తుంది, మోస్తో అని ద్రాక్షరసం ఉంటుంది దానికీ వస్తుంది. కాఫీకి మాత్రం రాదు, నేను మొదటి వారం కాఫీ చెప్పి ప్లేటు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నా, వెయిటర్ నన్ను అలా చూశాడు. అన్నట్టు గ్రనాడా వెయిటర్లు కాస్త విసుగ్గా, పొడిపొడిగా మాట్లాడతారు, దానికి అక్కడివాళ్ళే "మాలాఫోయా" అని పేరు పెట్టుకుని గొప్పగా చెప్పుకుంటారు, మిమ్మల్ని తిట్టినట్టు కాదు.

ఎక్కడికి వెళ్ళాలంటే, నావాస్ వీధి అందరూ చెప్తారు, ఒకసారి చూడండి చాలు, టూరిస్టులే ఎక్కువ. స్టూడెంట్లయితే పేద్రో ఆంతోనియో దె అలార్కోన్ వీధి వైపు వెళ్తారు, ప్లేట్లు పెద్దవి, రుచి సో సో. నాకు నచ్చింది రెఆలెహో ఏరియాలో కాంపో దెల్ ప్రిన్సిపే, చెట్ల కింద టేబుళ్ళు, పిల్లలు బంతాడుకుంటుంటారు, ముసలాళ్ళు గంటలు గంటలు కూర్చుంటారు. ఇక్కడ ఒక రూల్ చెప్తా: ప్లేట్ల ఫోటోలతో మెను బోర్డు బయట పెట్టి ఎవరో పిలుస్తుంటే వెళ్ళకండి, కౌంటర్ దగ్గర నిలబడి గట్టిగా అరుచుకుంటున్న లోకల్స్ ఉంటే దూరిపోండి.

4. వెజిటేరియన్లు ఇది తప్పకుండా చదవండి

"సోయ్ వెహెతారియానా" అని చెప్తే (మగవాళ్ళయితే వెహెతారియానో) సరే అని తల ఊపి ట్యూనా వేసిన సలాడ్ తెచ్చి పెడతారు, ఎందుకంటే కార్నే అంటే వాళ్ళకి మాంసమే, చేప వేరే లెక్క, హమోన్ అనే పంది తొడ మాంసమైతే కొందరికి అసలు మాంసం కిందే రాదు. అందుకే విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ ఆతూన్ (సిన్ అంటే లేకుండా, పెస్కాదో అంటే చేప, ఆతూన్ అంటే ట్యూనా). గుడ్డు తినకపోతే సిన్ ఊఎవో కూడా. నేను ఒకసారి లెంతేహాస్ అంటే పప్పు అని తెలిసి ఇంటి మీద బెంగతో సంబరంగా చెప్పుకున్నా, గరిటె పెట్టి చూస్తే అడుగున చోరిసో ముక్కలు. పప్పులో పంది మాంసం ఏంటండీ అసలు.

ధైర్యంగా తినగలిగేవి చెప్తా. తోర్తియా అంటే మెక్సికన్ రొట్టె కాదు, బంగాళదుంపలతో వేసిన మందపాటి ఆమ్లెట్. ఇక బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ దె కాన్యా, దీని కోసమైనా ఈ ఊరికి రావాలి, వంకాయ ముక్కలు పిండిలో ముంచి కరకరలాడేలా వేయించి పైన చెరకు పాకం పోస్తారు. వంకాయ బజ్జీ మీద పల్చటి బెల్లం పాకం అనుకోండి, వినడానికి ఎలాగో ఉంటుంది గానీ తిన్నాక మాట్లాడండి. వంకాయ, చెరకు, నారింజ ఇవన్నీ అరబ్బుల ద్వారా మన వైపు నుంచే అక్కడికి చేరాయి. నారింజని వాళ్ళు నరాన్హ అంటారు, మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, మన మాటే కదా కాస్త గొంతు మార్చుకుంది అంతే. ఆ నారింజ ముక్కలతో రెమోహోన్ అని ఒక సలాడ్ చేస్తారు, ఆలివ్‌లూ ఉల్లిపాయా వేసి, కానీ అందులో ఎండు చేప ఉంటుంది, జాగ్రత్త.

5. అల్బైసిన్‌లో మ్యాప్ మూసేయండి

అలాంబ్రాకి ఎదురు కొండ మీద ఉన్న పాత ముస్లిం బస్తీ ఇది, 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, అలాంబ్రా పదేళ్ళ ముందే చేరింది. తెల్ల గోడలు, గులకరాళ్ళ సందులు, కారు పట్టదు, ఫోన్ మ్యాప్ అక్కడ పిచ్చి పిచ్చిగా తిప్పుతుంది. చెప్పులూ హీల్సూ వద్దు, ఆ రాళ్ళు వానకి నున్నగా జారుతాయి. దారో నది పక్కన నుంచి మొదలుపెట్టి, 11వ శతాబ్దపు అరబ్బు స్నానఘట్టం ఎల్ బాన్యూఎలో చూసి, అక్కడి నుంచి పైకి ఏ సందు కనిపిస్తే ఆ సందు ఎక్కండి. పైకి పోతే పైనుంచి ఊరు కనిపిస్తుంది, కిందికి దిగితే నది తగుల్తుంది, తప్పిపోయే ఛాన్స్ లేదు. కాళ్ళు పోతే సి31 మినీ బస్సు ఉంది.

సూర్యాస్తమయానికి అందరూ సాన్ నికోలాస్ వ్యూపాయింట్‌కి పోతారు, ఎదురుగా అలాంబ్రా ఎర్రబడుతుంది, వెనక సియెర్రా నెవాదా కొండల మంచు. బాగుంటుంది, కాదనను, కానీ ఒకరి మీద ఒకరు. ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కగలిగితే సాన్ మిగెల్ ఆల్తోకి వెళ్ళండి, స్టూడెంట్లు చిప్స్ ప్యాకెట్లతో కూర్చుని ఉంటారు, అక్కడి నుంచి సాన్ నికోలాస్ రష్ కూడా కింద కనిపిస్తుంది. పక్కనే సాక్రోమోంటే, కొండని తొలిచి కట్టుకున్న గుహ ఇళ్ళు. హితానోలు (స్పెయిన్‌లోని రోమా జనం, జిప్సీలంటారే వాళ్ళు) తరతరాలుగా ఉన్న చోటు, వాళ్ళ పూర్వీకులు వందల ఏళ్ళ కిందట వాయువ్య భారతం నుంచి బయల్దేరిన వాళ్ళేనని భాషని బట్టీ జన్యువుల్ని బట్టీ పరిశోధకులు చెప్తారు. గుహలో ఫ్లమెంకో డాన్స్ షో రేటు ఎక్కువే, ఒక్కసారికి ఖర్చు పెట్టొచ్చు, ఆ కాళ్ళ దరువు వింటుంటే మనకి కొత్తగా అనిపించదు.

ఒక హెచ్చరిక. కేథడ్రల్ దగ్గర ఆడవాళ్ళు రోజ్‌మేరీ కొమ్మ చేతిలో పెడతారు, తీసుకున్నారా చెయ్యి పట్టుకుని జాతకం మొదలెడతారు, తర్వాత డబ్బులు. నాకు ఐదు యూరోలు పోయాయి, "పెళ్ళి అవుతుంది" అని చెప్పింది, అది మా పిన్ని ఫ్రీగా చెప్తుంది.

6. అలాంబ్రా రోజు

బస్సులో కాకుండా ప్లాసా నుఎవా నుంచి గోమేరెస్ వీధి మీదుగా నడిచి ఎక్కండి, మధ్యలో అడవిలా చెట్లు, పక్కన నీళ్ళ చప్పుడు. లోపల గోడల నిండా అరబిక్ రాతలు, ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, దేవుడు తప్ప విజేత లేడు అని. చివరి ముస్లిం రాజు బోఅబ్దిల్ 1492 జనవరి 2న ఊరు క్రైస్తవ రాజూ రాణీలకి అప్పగించేశాడు, గోడ మీద మాట మాత్రం అలాగే ఉంది. సింహాల ప్రాంగణంలో 12 పాలరాతి సింహాల దగ్గర అందరూ సెల్ఫీలు తీసుకుంటారు, మీరు తల పైకెత్తి పక్క గదుల పైకప్పులు చూడండి, తేనెపట్టులా ఉంటాయి. టికెట్ దొరకకపోయినా పుఎర్తా దె లా హుస్తీసియా గేటు నుంచి పైకి పోయి తర్వాతి స్పెయిన్ రాజు ఐదో కార్లోస్ కట్టిన ప్యాలెస్ ఫ్రీగా చూడొచ్చు, బయట చదరం, లోపల గుండ్రం.

7. తీపి, పండ్లు

కాల్దెరెరియా నుఎవా వీధిలో మొరాకో స్టైల్ టీ కొట్లుంటాయి, పుదీనా టీ తాగుతూ అసైన్‌మెంట్లు రాసుకోవచ్చు. ఒక సాయంత్రం బస్సెక్కి పక్కనున్న సాంటా ఫేకి వెళ్ళండి, పాకంలో నానిన చిన్న కేకు ముక్క మీద కాల్చిన క్రీమ్, పేరు పియోనోనో, క్యాథలిక్ మతగురువు పోప్ తొమ్మిదో పయస్ పేరు మీద పెట్టారు. మన దేశానికి దారి వెతుకుతానని కొలంబస్ స్పెయిన్ రాణితో ఒప్పందం చేసుకున్నది కూడా ఆ ఊళ్ళోనే, 1492 ఏప్రిల్‌లో.

చలికాలం మొదట్లో మార్కెట్‌లో చిరిమోయా అడగండి, సముద్రం వైపు అల్మున్యేకార్ దగ్గర పండిస్తారు. మన సీతాఫలానికి దగ్గరి చుట్టం, తొక్క నున్నగా ఉంటుంది, గుజ్జు ఇంకా వెన్నలా. గట్టిగా ఉన్నది కొని రెండు రోజులు బయట పెట్టి మెత్తబడ్డాక సగానికి కోసి చెంచాతో తినండి, గింజలు ఉమ్మడానికి ఒక చిన్న ప్లేటు పక్కన పెట్టుకోండి.