ఇంటి కరెంటు పాఠాలు – 3వ భాగం: ఎంసీబీ కాపాడేది వైరును

గత భాగంలో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ వైర్లు ఏ పని చేస్తాయో చూశాం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయన్న లెక్క కూడా నేర్చుకున్నాం. చివర్లో ఇచ్చిన లెక్కకు జవాబు ఇదీ. వంటగదిలో ఒకే సర్క్యూట్ మీద 1200 వాట్ల మైక్రోవేవ్, 1500 వాట్ల కెటిల్, 750 వాట్ల మిక్సీ నడుస్తున్నాయి. మొత్తం 3450 వాట్లు. 230తో భాగిస్తే 15 ఆంపియర్లు. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే కిందికి పడి సర్క్యూట్‌ను తెంచే స్విచ్. 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని హాయిగా మోస్తుంది.

ఇప్పుడు అదే సర్క్యూట్ మీద 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ కూడా పెట్టారనుకోండి. లోడు 5450 వాట్లకు, అంటే 23.7 ఆంపియర్లకు చేరుతుంది. కొంతసేపటికి ఎంసీబీ పడిపోతుంది. ఎత్తి పెడతారు, మళ్లీ పడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "అది తీసేసి 32 పెట్టించండి, ఇక పడదు."

నిజమే, పడదు. గోడలో వైరు మాడిపోతున్నా పడదు. ఆ సలహాలో తప్పెక్కడుందో తెలిస్తే ఎంసీబీ సంగతి చాలావరకు తెలిసినట్టే.

అసలు పాఠానికి ముందు ఒక మాట. ఇంటి ఎంసీబీలన్నీ ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు, అంటే డీబీ, మూత విప్పి పని చేసే అనుమతి చాలా చోట్ల లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే ఉంటుంది. మీ ఇంటి వైరింగ్‌లో ఏముందో తెలుసుకోవడానికి, చేసేవాళ్లు సరిగా చేశారో లేదో పట్టుకోవడానికి ఈ పాఠాలు పనికొస్తాయి. మీకు అనుమతి, అనుభవం రెండూ ఉంటేనే స్క్రూడ్రైవర్ పట్టండి.

లోపల ఏం జరుగుతుంది

ఎంసీబీలో కరెంటును గమనించే భాగాలు రెండున్నాయి. ఒకటి రెండు లోహాలను అతికించి చేసిన పలచటి పట్టీ. కరెంటు ఎక్కువై పట్టీ వేడెక్కితే రెండు లోహాలూ ఒకేలా సాగవు కాబట్టి అది ఒక వైపుకు వంగి, కాంటాక్టులను కలిపి పట్టి ఉంచే లాచ్‌ను తప్పిస్తుంది. ఓవర్‌లోడును పట్టేది ఇదే. వేడెక్కాలి కాబట్టి దీనికి టైం పడుతుంది. రెండోది తీగచుట్ట. షార్ట్ సర్క్యూట్‌లో వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూసుకొస్తే అది అయస్కాంతమై, లోపలి ఇనుప పిన్నును లాగి కాంటాక్టులను క్షణంలో విడదీస్తుంది. విడిపోయేటప్పుడు పుట్టే మెరుపును ముక్కలు చేసి చల్లార్చడానికి పక్కనే సన్నటి లోహపు పలకల వరుస ఉంటుంది. ఈ రెండు పద్ధతులనూ ఒకే చిన్న పెట్టెలో ఇమిడ్చిన బ్రేకర్ 1920లలో జర్మనీలోని మన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ కంపెనీలో పుట్టింది. వంద ఏళ్లవుతున్నా మూలసూత్రం మారలేదు.

లివర్‌ను వేలితో గట్టిగా పైకి పట్టుకున్నా, షార్ట్ ఉంటే లోపలి కాంటాక్టులు విడిపోతాయి. కాబట్టి లివర్‌కు టేపు చుట్టి "పడకుండా" చేద్దామనుకునేవాళ్ల శ్రమ వృథా.

16 ఆంపియర్లు అని రాసి ఉంటే 16 దాటగానే పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఇళ్లలో వాడే ఎంసీబీలకు అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దులు వేరు. రేటింగుకు 1.13 రెట్లు, అంటే 16కు 18 ఆంపియర్ల దాకా, గంటసేపు పారినా పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23.2 పారితే గంటలోపు పడాలి. 2.55 రెట్లకు, అంటే సుమారు 41 ఆంపియర్లకు, ఒక సెకనుకూ ఒక నిమిషానికీ మధ్య పడాలి. మన వంటగది లోడు 23.7 కదా. అందుకే స్టవ్ ఆన్ చేయగానే కాకుండా, వంట మధ్యలో పడింది. ఎంసీబీలో లోపం లేదు, దాని పని అది చేసింది.

ఎంసీబీ ముందువైపు అచ్చు వేసిన బి, సి, డి అక్షరాలు రెండో భాగానికి, అంటే తీగచుట్టకు సంబంధించినవి. బి రకం రేటింగుకు 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య తక్షణం పడుతుంది. "సి16" అంటే 80 నుంచి 160 ఆంపియర్ల మధ్య ఎక్కడో ఒకచోట క్షణంలో పడేదన్నమాట. మోటారు ఉన్న వస్తువులు మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతాయి, వాటికి సి నయం. డి రకానికి ఇంట్లో పని దాదాపు ఉండదు. ఎంసీబీ మీద చిన్న గడిలో రాసి ఉండే 6000 లేదా 10000 అనే అంకె, అన్ని ఆంపియర్ల షార్ట్‌ను కూడా పేలిపోకుండా తెంచగలదని చెబుతుంది.

గోడలో వైరు లెక్క

వైరు వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. మామూలు పీవీసీ ఇన్సులేషన్ 70 డిగ్రీల వరకే నిలకడగా తట్టుకుంటుంది. ఆపైన అది మెల్లగా గట్టిపడి, పగులుతుంది. అదంతా గోడలో, కంటికి కనపడని చోట జరుగుతుంది.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు గోడకు బిగించిన పైపులో 24 ఆంపియర్లు మోస్తుందని పట్టికల్లో ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ 24 అనేది చుట్టూ 30 డిగ్రీలు ఉన్నప్పుడు, పైపులో ఒకే సర్క్యూట్ ఉన్నప్పుడు. చుట్టూ 40 డిగ్రీలుంటే 0.87తో గుణించాలి. ఒకే పైపులో మూడు సర్క్యూట్లు దూర్చితే 0.7తో కూడా గుణించాలి. 24ను 0.87తో, వచ్చినదాన్ని 0.7తో గుణిస్తే 14.6 వస్తుంది. పట్టికలో 24 ఆంపియర్ల వైరు, మీ గోడలో 14.6 ఆంపియర్ల వైరైపోయింది! దానికి 16 ఎంసీబీ కూడా పెద్దదే. ఇదే లెక్క 4 చదరపు మిల్లీమీటర్ల వైరుకు వేస్తే 32 కాస్తా 19.5 అవుతుంది. అది 16 ఎంసీబీకి సరిపోతుంది. పైపులు మిగిల్చి వైర్లన్నీ ఒకదాంట్లోనే కుక్కేవాళ్లను నేను అందుకే ఒప్పుకోను. ఆ పొదుపు ఖరీదు వైరు మీద పడుతుంది.

ఎంపిక ఎప్పుడూ ఒకటే వరుసలో సాగుతుంది. ముందు లోడు లెక్కించాలి. దానికంటే తక్కువ కాకుండా ఎంసీబీ. ఆ ఎంసీబీ రేటింగుకు తక్కువ కాకుండా వైరు. ఏ ఒక్కటి తారుమారైనా లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఆ "32 పెట్టించండి" సలహాకు వద్దాం. 32 ఎంసీబీ 36 ఆంపియర్లను గంటసేపు కదలకుండా చూస్తూ ఊరుకుంటుంది. 14.6 మోయాల్సిన వైరులో 36 పారితే పుట్టే వేడి, ఉండాల్సినదానికి ఆరు రెట్లు. ఎంసీబీ దృష్టిలో మాత్రం అంతా సవ్యమే. సరైన దారి ఒక్కటే: ఇండక్షన్ స్టవ్‌కు డీబీ నుంచి విడిగా వైరు లాగి, దానికి వేరే ఎంసీబీ పెట్టడం. అప్పటిదాకా స్టవ్ వెలిగినప్పుడు కెటిల్, మైక్రోవేవ్ వాడకపోతే సరి.

మరి మనల్ని కాపాడేదేది?

ఒంటి గుండా 100 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో పదో వంతు, పారితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. 6 ఆంపియర్ల ఎంసీబీకి కూడా అది లెక్కలోకే రాదు. అందుకే లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ అనే వేరే స్విచ్ కావాలి. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని మాత్రమే అది చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే, మామూలుగా 15కూ 30కీ మధ్య, తెంచేస్తుంది.

"మాకు ఎర్త్ ఉంది కదా, షాక్ ఎందుకు కొడుతుంది?" అని అడిగేవాళ్లకు ఒక లెక్క. ఇంటి ఎర్త్ నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. వాషింగ్ మెషీన్‌లో ఫేజు వైరు ఊడి బాడీకి తగిలింది. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. 16 ఎంసీబీ ఎప్పటికీ పడదు. మెషీన్ బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. ఆర్‌సీసీబీ ఉంటే మీరు ముట్టుకోకముందే పడిపోతుంది. అయితే ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు, షార్ట్ తెలియదు. ఫేజునూ న్యూట్రల్‌నూ చెరో చేత్తో పట్టుకుని, నేలకు కరెంటు పోకుండా ఉంటే అది కూడా ఏమీ చేయలేదు. ఎంసీబీ, ఆర్‌సీసీబీ, ఎర్త్ మూడూ ఉండాల్సిందే. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కండి. పడకపోతే మార్పించండి.

బోర్డులో చూడాల్సినవి

ఒంటి పోలు ఎంసీబీ, అంటే ఒక్క వైరునే తెంచేది, ఎప్పుడూ ఫేజులోనే ఉండాలి. పొరపాటున న్యూట్రల్‌లో పెడితే లివర్ కిందికి దించినా ప్లగ్గులో ఫేజు ఉంటుంది. బల్బు వెలగదు కాబట్టి కరెంటు లేదనుకుని చెయ్యి పెడతారు.

రెండు ఆర్‌సీసీబీలున్న బోర్డులో న్యూట్రల్ బార్లు, అంటే న్యూట్రల్ వైర్లను బిగించే లోహపు పట్టీలు, కూడా రెండుండాలి. ఒక ఆర్‌సీసీబీ కింది ఫేజు, ఇంకోదాని కింది న్యూట్రల్ కలిస్తే రెండింటికీ లెక్క తప్పి, లైటు వేసినప్పుడల్లా పడుతుంటాయి. కొత్త ఆర్‌సీసీబీ పెట్టగానే "ఇది పనికిరాదు, ఊరికే పడుతోంది" అనే ఫిర్యాదులో సగం కథ ఇదే.

ఇక స్క్రూ దగ్గరికి రండి. ఎంసీబీ టెర్మినల్‌లో చిన్న లోహపు బోను ఉంటుంది. స్క్రూ తిప్పితే అది పైకి లేచి వైరును నొక్కుతుంది. బోను పూర్తిగా దిగకముందే వైరు దూర్చితే అది బోనులోకి కాకుండా వెనక సందులోకి పోతుంది. స్క్రూ గట్టిగా బిగుస్తుంది, చూడటానికి బాగానే ఉంటుంది, వైరు మాత్రం వదులుగానే ఉంటుంది. అందుకే బిగించాక ప్రతి వైరునూ ఒకసారి లాగి చూడాలి. పోగుల వైరైతే ఒక్క పోగు కూడా బయట ఉండకూడదు, ఇన్సులేషన్ బోను కింద నలగకూడదు. వదులు జాయింట్ వేడెక్కి కాలుతుంటే ఎంసీబీకీ తెలియదు, ఆర్‌సీసీబీకీ తెలియదు. కరెంటు పెరగలేదు, లీకవలేదు కదా. మాడు వాసన, రంగు మారిన ప్లాస్టిక్, చిటచిట శబ్దం గమనిస్తే వెంటనే మెయిన్ దించండి.

మెయిన్ దించినా మెయిన్ స్విచ్‌కు మీటరు వైపున్న టెర్మినల్స్‌లో కరెంటు ఉంటుంది, అది మరవకండి. ఇన్వర్టర్ లేదా సోలార్ ఉన్న ఇంట్లో ఇంకో దారి నుంచి కూడా కరెంటు వస్తుంది, దాన్నీ ఆపాలి. నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని అర్థం కాదు, టెస్టరే పాడై ఉండొచ్చు. మల్టీమీటర్‌ను ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి. తర్వాత పని చేసే చోట ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మధ్య చూడండి. ఆ తర్వాత మళ్లీ మొదటి చోట పెట్టి, మీటరు ఇంకా పని చేస్తోందని రూఢి చేసుకోండి.

పడితే ఏం చేయాలి

ఎత్తగానే టప్‌మని పడితే షార్ట్. అరగంటకో గంటకో పడితే ఓవర్‌లోడు. ఆర్‌సీసీబీ పడితే లీకేజీ. షార్ట్ అనిపిస్తే మళ్లీ మళ్లీ ఎత్తకండి, ప్రతిసారీ కాంటాక్టులు కొంత కాలుతాయి. లీకేజీ అయితే ప్లగ్గులన్నీ పీకి, ఎంసీబీలన్నీ దించి, ఆర్‌సీసీబీని ఎత్తి, ఒక్కో ఎంసీబీని ఎత్తుతూ రండి. ఏది ఎత్తినప్పుడు పడిందో లోపం ఆ సర్క్యూట్‌లో ఉండొచ్చు. "ఉండొచ్చు" అనడానికి కారణముంది. ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగులుతుంటే, ఒంటి పోలు ఎంసీబీ దించినా ఆ న్యూట్రల్ తెగదు. ఇంకో సర్క్యూట్ లోడు కూడా ఆర్‌సీసీబీని పడగొట్టగలదు. ఇలాంటప్పుడు న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో వైరూ విప్పి ఇన్సులేషన్ పరీక్ష చేయాలి, అది ఎలక్ట్రీషియన్ పని.

వచ్చే భాగంలోగా బోర్డు మూత తీయకుండానే ఒక్కో ఎంసీబీ దించుతూ, ఏ లైటు, ఏ ప్లగ్గు ఆగిందో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని డీబీ తలుపు లోపల అతికించండి. ఒక లెక్క కూడా: 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పట్టికలో 17.5 ఆంపియర్లు. పైపులో అదొక్కటే ఉంది, చుట్టూ 40 డిగ్రీలు. దాని మీద 2000 వాట్ల గీజర్. 6, 10, 16, 20లలో ఏ ఎంసీబీ పెడతారు, మిగతావి ఎందుకు పనికిరావు?