జవాబు తేడా వస్తోందా? తప్పు ఎక్కడుందో ఆ తేడానే అడగండి

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం లెక్కల్లో నాకు ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "ఎన్నిసార్లు చేసినా ఇదే జవాబు వస్తోంది సార్, పుస్తకంలో మాత్రం వేరేలా ఉంది." మెకానికల్ వాళ్లయినా, సివిల్ వాళ్లయినా, బయోమెడికల్ వాళ్లయినా ఇదే గోల. ఫార్ములాలు మీకు తెలుసు, సమీకరణాలు సాధించడం వచ్చు. కాబట్టి అవి మళ్లీ చెప్పను.

లెక్కను మళ్లీ మొదటి నుంచి చేయడం ఆపండి. అదే తప్పు అదే చోట మళ్లీ చేస్తారు. ముందు మీ జవాబును రావాల్సిన జవాబుతో భాగించండి. అరనిమిషం పని. అయినా ఎవరూ చేయరు, గంటసేపు పేజీలు నింపుతారు. చాలాసార్లు ఆ నిష్పత్తిలోనే తప్పు పేరు రాసి ఉంటుంది.

తేడా 9.81 రెట్లు

ద్రవ్యరాశిని బరువుగా వాడారు, లేదా బరువును మళ్లీ 9.81తో గుణించారు. ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు ఉంటుంది, దాని బరువు సుమారు 23,500 న్యూటన్లు. 2400 అని రాసి పక్కన న్యూటన్ అని తగిలిస్తే బీమ్ రియాక్షన్లన్నీ (ఆసరాలు బీమ్‌ను పైకి నెట్టే బలాలు) దాదాపు పదోవంతుకు పడిపోతాయి. లెక్క మొదట్లోనే ప్రతి భారాన్నీ న్యూటన్లలోకి మార్చేసి, ఆ తర్వాత కిలోల వైపు చూడకండి.

తేడా 4, 8 లేదా 16 రెట్లు

వ్యాసం, వ్యాసార్థం తారుమారయ్యాయి. వైశాల్యంలో పొరపాటు పడితే 4 రెట్లు. గుండ్రటి షాఫ్టులో బెండింగ్ స్ట్రెస్, టార్షన్ స్ట్రెస్ (వంగినప్పుడు, మెలితిరిగినప్పుడు లోపల యూనిట్ వైశాల్యానికి పడే బలం) వ్యాసం ఘనంతో మారతాయి కాబట్టి అక్కడ 8. మూమెంట్ ఆఫ్ ఇనర్షియాలో (వంగకుండా నిలబడే ఆకారపు కొలత) 16. రక్తనాళంలో ప్రవాహానికి పాయిజూయ్ సూత్రం వాడినా 16 రెట్లే, ఎందుకంటే అది వ్యాసార్థం నాలుగో ఘాతంతో నడుస్తుంది. నాళం వ్యాసార్థం 20 శాతం తగ్గి, ఒత్తిడి తేడా అలాగే ఉంటే ప్రవాహం సుమారు 41 శాతానికి పడిపోతుంది. అలాంటి సూత్రంలో వ్యాసార్థం బదులు వ్యాసం పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.

తేడా 1000 రెట్లు, లేదా పది లక్షలు

యూనిట్లు కలగాపులగం అయ్యాయి. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మీటరు పొడవు ఉన్న స్టీలు రాడ్డును 2 కిలోన్యూటన్లతో లాగారనుకోండి. వైశాల్యం 78.5 చదరపు మిల్లీమీటర్లు, స్ట్రెస్ 25.5 మెగాపాస్కల్స్. స్టీలు యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా నిలబడే బిగువు కొలత) 200 గిగాపాస్కల్స్ కాబట్టి సాగుదల 0.127 మిల్లీమీటర్లు. కానీ 200ను అలాగే ఫార్ములాలో పెట్టేసిన వాళ్లకు 127 మిల్లీమీటర్లు వస్తుంది. మీటరు పొడవున్న స్టీలు రాడ్డు అర జానెడు సాగిందా అని ఒక్క క్షణం ఆలోచించినా చాలు. అలా ఆలోచించకుండానే దాని కింద రెండు గీతలు గీసి ఇచ్చిన పేపర్లు ఎన్నో చూశాను, చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

మందు ఒక్కటే. న్యూటన్, మిల్లీమీటరు పట్టుకుంటే స్ట్రెస్ మెగాపాస్కల్స్‌లో వస్తుంది, మాడ్యులస్ కూడా మెగాపాస్కల్స్‌లోనే ఉండాలి, అంటే 2,00,000. న్యూటన్, మీటరు పట్టుకుంటే అన్నీ పాస్కల్స్‌లో. మధ్యలో బండి మారకండి.

నిష్పత్తికి అర్థమే లేదు

కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందేమో చూడండి. సైన్ 30 కొట్టండి. 0.5 రాకుండా మైనస్ 0.988 వస్తే దొంగ దొరికినట్టే.

ప్రెజర్ లెక్కయితే భాగించినా ఏమీ తెలియదు, తీసివేసి చూడండి. తేడా 101 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటే గేజ్ ప్రెజర్ (వాతావరణ పీడనానికి పైన ఎంతో చెప్పేది), ఆబ్సొల్యూట్ ప్రెజర్ (వాతావరణ పీడనాన్నీ కలుపుకుని చెప్పేది) కలిసిపోయాయి. రక్తపోటు 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే 16 కిలోపాస్కల్స్, అది వాతావరణ పీడనానికి పైన ఉన్న లెక్క. దాన్ని అలాగే తీసుకెళ్లి వాయు సమీకరణంలో పెట్టకూడదు.

తేడా సరిగ్గా 2 రెట్లు, సగం, లేదా గుర్తు తలకిందులు

అసలు చిక్కు ఇక్కడే. యూనిట్లు సరిపోతాయి, కూడికలు సరిపోతాయి, ఫార్ములా కూడా సరైనదే. అయినా జవాబు తప్పు. (సిలిండర్ గోడ లెక్కయితే మాత్రం ముందు ఒకటి చూసుకోండి: చుట్టూ ఉండే స్ట్రెస్ పొడవునా ఉండే స్ట్రెస్‌కు రెట్టింపు. బాయిలర్‌కైనా, పలుచటి గోడ ఉన్న నాళానికైనా ఇంతే.)

అది కాకపోతే ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక వస్తువును విడిగా గీసి, దాని మీద పడే బలాలన్నీ బాణాలతో చూపే బొమ్మ) చూపించమని అడుగుతాను. బొమ్మ ఉంటుంది, బాణాలుంటాయి. కానీ ఆ బాణాలు ఏ వస్తువు మీద పనిచేస్తున్నాయో చెప్పే హద్దు మాత్రం ఉండదు. నూటికి తొంభైసార్లు రోగం అదే. మొత్తం సెటప్ బొమ్మ వేసి, కనిపించిన బలాలన్నీ అందులోకి ఎక్కించేస్తారు. అప్పుడు ఒకే బలం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, లేదా చర్య, ప్రతిచర్య రెండూ ఒకే వస్తువు మీద పడతాయి.

దగ్గరగా చూద్దాం. ఒక మనిషి పలక మీద నిలబడ్డాడు. పలకకు కట్టిన తాడు పైన స్థిరమైన కప్పీ మీదుగా తిరిగి అతని చేతిలోకి వచ్చింది. తాడును లాగుతూ తనను తానే గాలిలో నిలబెట్టుకుంటున్నాడు. మనిషి బరువు 700 న్యూటన్లు, పలక 200. పలక అతన్ని ఎంత బలంతో పైకి నెడుతోంది?

చాలామంది మనిషి బొమ్మ వేసి, తాడు బాణాన్ని కిందికి గీస్తారు. "అతను కిందికే కదా లాగుతున్నాడు" అంటారు. నిజమే, అతను తాడును కిందికి లాగుతున్నాడు. కానీ ఆ బలం పడేది తాడు మీద. మీరు గీసింది మనిషిని. మనిషి మీద తాడు బలం పైకే ఉంటుంది.

ఇప్పుడు చుక్కల గీతతో మనిషినీ పలకనూ కలిపి చుట్టండి. ఆ గీతను తాడు రెండుచోట్ల దాటుతుంది, చేతి దగ్గర ఒకసారి, పలక దగ్గర ఒకసారి. కాబట్టి రెండు టెన్షన్లు (తాడు లాగే బలాలు) కలిస్తే 900, ఒక్కొక్కటి 450 న్యూటన్లు. మనిషికీ పలకకూ మధ్య ఉన్న బలం హద్దు లోపలే ఉంది, దాన్ని ఇక్కడ గీయకూడదు. అది కావాలంటే మనిషిని ఒక్కడినే చుట్టండి: పైకి తాడు 450, పలక నెట్టే బలం, కిందికి 700. పలక నెట్టే బలం 250 న్యూటన్లు. ఇక పలకను ఒక్కదాన్నే చుట్టి సరిచూడండి: పైకి 450, కిందికి 250, 200. సరిపోయింది. బాణం తిరగేసిన వాళ్లకు 250 బదులు 1150 వస్తుంది, పలక మాత్రం సమతుల్యంలో ఉండనే ఉండదు. మూడో హద్దుతో సరిచూస్తే ఆ తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

బయోమెకానిక్స్‌లో ఇదే తప్పు మోచేతి దగ్గర దొరుకుతుంది. ముంజేయి నేలకు సమాంతరంగా ఉంది, అరచేతిలో 50 న్యూటన్ల బరువు మోచేతి కీలుకు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ముంజేయి బరువు 15 న్యూటన్లు, అది 15 సెంటీమీటర్ల దగ్గర. బైసెప్స్ (పై చేతి ముందు కండరం) 4 సెంటీమీటర్ల దగ్గర నిలువుగా లాగుతోంది అనుకుందాం. కీలు చుట్టూ మూమెంట్లు (ప్రతి బలాన్నీ కీలు నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేవి) తీస్తే కండరం బలం సుమారు 494 న్యూటన్లు. కీలు దగ్గర ముంజేయి మీద పడే బలం 429 న్యూటన్లు, అదీ కిందికి. కీలు ఆసరా ఇస్తుంది కదా అని పైకి గీసిన వాళ్లకు మైనస్ వస్తుంది. ఆ మైనస్ తప్పు కాదు, దిశ తిరగేయమని చెబుతోంది. దాన్ని చెరిపేసి ప్లస్ పెట్టడమే తప్పు.

హద్దు గీయడం పరీక్ష మార్కుల కోసం మాత్రమే కాదు. 1981 జులై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లోపల వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి వచ్చే ఒకే పొడవాటి రాడ్డు నాలుగో అంతస్తు నడకదారినీ, దాని కింద రెండో అంతస్తు నడకదారినీ మోయాలి. కట్టేటప్పుడు దాన్ని రెండు రాడ్లుగా మార్చారు. పై రాడ్డు నాలుగో అంతస్తు బీమ్ దగ్గర ఆగింది, కింది నడకదారిని ఆ బీమ్‌కే వేలాడదీశారు.

పై రాడ్డును మాత్రమే చూస్తే ఏమీ మారలేదు, రెండు విధాలుగానూ రెండు నడకదారుల భారమే. ఇప్పుడు నాలుగో అంతస్తు బీమ్‌ను ఒక్కదాన్నే చుట్టండి. మొదటి డిజైన్‌లో దాని కింది నట్టు ఆ ఒక్క నడకదారినే మోస్తుంది. మారిన డిజైన్‌లో కింది రాడ్డు కూడా అదే బీమ్‌ను లాగుతోంది, కాబట్టి నట్టు మీద భారం సరిగ్గా రెట్టింపు. మొదటి డిజైన్ కూడా నిబంధనలు కోరిన బలానికి సరిపోలేదని తర్వాత తేలింది. ఆ మార్పు ఉన్న కొద్దిపాటి బలాన్నీ సగం చేసింది.

మిగతావి

జవాబు ఒకటి రెండు శాతం తేడా వస్తే అది 9.81, 10 మధ్య తేడానో, మధ్యలో అంకెలు కుదించడమో. వదిలేయండి. పుస్తకంలో జవాబే తప్పు అనే అనుమానం అందరికీ మొదట వస్తుంది. అప్పుడప్పుడు నిజం కూడా అవుతుంది, కానీ పైవన్నీ చూశాకే ఆ మాట అనండి. బక్లింగ్ (నొక్కినప్పుడు సన్నటి కడ్డీ పక్కకు వంగిపోవడం), ఉష్ణోగ్రత వల్ల సాగడం లాంటివి ప్రశ్నలో అడగకపోతే వాటి జోలికి పోవద్దు.

ఇంకా తేలకపోతే ఎవరినైనా అడగండి. కానీ అడిగేటప్పుడు సమీకరణాల పేజీ కాదు, చుక్కల గీత గీసిన బొమ్మ తీసుకురండి. ప్రతి బాణం పక్కన "దేని మీద, దేని వల్ల" అని రాసి ఉండాలి.