రివ్యూ మీటింగులో తడబాటు బుర్రలోనే మొదలవుతుంది

ప్రమోషన్ రాగానే చాలామంది కోటు మీద, ఇంగ్లీషు యాస మీద, స్లైడ్ల మీద పడతారు. అవి తర్వాతైనా చూసుకోవచ్చు, ముందు సరిచేసుకోవాల్సింది ఆలోచనని. పైవాళ్లు పని పురోగతి అడిగే రివ్యూ మీటింగులో "నా తప్పు ఎక్కడ బయటపడుతుందో" అనుకుంటూ కూర్చున్న మేనేజర్ గబగబా మాట్లాడతాడు, అడగని సంజాయిషీలు ఇస్తాడు, ప్రశ్న పూర్తికాకుండానే అందుకుంటాడు. పైవాళ్లకు కనిపించేది ఆ కంగారే.

మీటింగుకు పది నిమిషాల ముందు కాగితం మీద రెండు వాక్యాలు రాయండి: మీ భయం ఏమిటి, ఈరోజు అక్కడ తేలాల్సింది ఏమిటి. మొదటిది కొట్టేసి, రెండోదాన్ని పట్టుకుని లోపలికి వెళ్లండి.

"వెండర్‌తో కొన్ని ఇబ్బందులొచ్చాయి, మేం చాలా ప్రయత్నించాం" అని మొదలుపెట్టకండి. ఇలా చెప్పండి: "సాఫ్ట్‌వేర్ రిలీజ్ రెండు వారాలు ఆలస్యమవుతుంది. పేమెంట్ టెస్టింగ్ పూర్తికాలేదు. ఇద్దరు టెస్టర్లనిస్తే వారం తగ్గించగలం. ఇస్తారా అన్నది మీరు తేల్చాలి." ఇంతే, అర నిమిషం కూడా పట్టదు. ఆ తర్వాత ఆగాలి. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే ఆ మౌనం భరించలేక "కుదిరితేనే లెండి సార్" అనేస్తారు, అడిగిన టెస్టర్లు దక్కకుండా పోతారు.

లెక్క తెలియకపోతే ఊహించి చెప్పకండి. "ఇప్పుడు నా దగ్గర లేదు, సాయంత్రం 5 లోపు పంపిస్తాను" అనండి. 5 లోపు పంపకపోతే మాత్రం అసలు చెప్పకపోవడమే నయం.

మీ టీమ్ మీటింగులో మీరు చివర మాట్లాడండి. అన్నీ నాకే తెలియాలనుకునేవాడు ముందే తీర్పు చెప్పేస్తాడు. మన ఆఫీసుల్లో సార్ ఒకసారి అన్నాక కాదనేవాళ్లు ఎందరు? అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టించండి.

తప్పు దొర్లినప్పుడు ఆలోచనా తీరు మరీ బయటపడుతుంది. 2014 అక్టోబరులో సత్య నాదెళ్ల, మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన ఎనిమిది నెలలకు, కంప్యూటర్ రంగ మహిళల సదస్సులో మాట్లాడారు. జీతం పెంచమని అడగడానికి జంకే మహిళలకు ఏం చెబుతారని అడిగితే, వ్యవస్థ మీద నమ్మకం ఉంచమన్నారు. విమర్శలు రేగాయి. తన జవాబు పూర్తిగా తప్పని, పెంపుకు అర్హులమనుకుంటే అడగాల్సిందేనని అదే రోజు ఉద్యోగులకు మెయిల్ రాశారు.

మీరూ ఆ వరుసే పాటించండి: ఏది తప్పో, సరైనది ఏదో, ఆ రోజే. రాశాక ఒకసారి చదివి "అయితే", "నా ఉద్దేశం అది కాదు" ఎక్కడున్నా తీసేసి పంపండి. అవి మిగిలితే మీరింకా మిమ్మల్ని కాపాడుకునే పనిలోనే ఉన్నారని చదివేవాళ్లకు తెలిసిపోతుంది.