వెబ్‌క్యామ్ హెడ్ ట్రాకింగ్: తల తిప్పినా వ్యూ వెనకబడుతుంటే

సమస్య: మీ తల కదలికను వెబ్‌క్యామ్‌తో చూసి ఆటలో వ్యూని తిప్పడమే హెడ్ ట్రాకింగ్. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో తల పక్కకి తిప్పుతారు. వ్యూ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత కదులుతుంది. కాస్త వేగంగా తిప్పితే ట్రాకింగే తెగిపోతుంది.

ఇలా అవగానే అందరూ ఓపెన్‌ట్రాక్‌లో (హెడ్ ట్రాకింగ్ చేసే సాఫ్ట్‌వేర్) వ్యూ వణుకును తగ్గించే ఫిల్టర్ స్లైడర్ల మీద పడతారు. దయచేసి వాటిని ఇప్పుడే ముట్టుకోకండి. స్మూతింగ్ పెంచితే వణుకు తగ్గుతుంది గానీ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ముందు చూడాల్సింది ఒక్కటే: ట్రాకింగ్ నడుస్తుండగా ట్రాకర్ విండోలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) ఎంత చూపిస్తోంది? మీరు సెట్టింగ్స్‌లో ఎంచుకున్న 30 కాదు, నిజంగా వస్తున్న అంకె.

అది 15కో, ఇంకా కిందికో దిగిందంటే కారణం చాలాసార్లు వెలుతురే. ఒక్కో ఫ్రేముకు ఎంతసేపు వెలుతురు పట్టాలో కెమెరాయే నిర్ణయించుకోవడం ఆటో ఎక్స్‌పోజర్. వెలుతురు చాలనప్పుడు అది ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం తీసుకుంటుంది. సెకనుకు 30 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి దక్కేది 33 మిల్లీసెకన్లే. కెమెరా 66 తీసుకుంటే వచ్చేవి 15. ఇక్కడే మోసపోతాం, ఎందుకంటే ప్రివ్యూలో ముఖం చక్కగా, వెలుతురుగానే కనిపిస్తుంది. కెమెరా ముందు చెయ్యి ఊపి చూడండి. వేళ్లు విడివిడిగా కాకుండా ఒకే మరకలా సాగితే, తల తిప్పినప్పుడు మీ కళ్లూ ముక్కూ కూడా ట్రాకర్‌కి అలాగే అందుతున్నాయి.

దీంతో నేను చాలా రోజులు అవస్థపడ్డాను. పగటి ఫ్లైట్లలో అంతా బాగుండేది. రాత్రి ఫ్లైట్లలో మాత్రం రన్‌వే కోసం తల తిప్పితే వ్యూ నింపాదిగా వచ్చేది. గ్రాఫిక్స్ తగ్గించాను, డ్రైవర్లు మార్చాను. నేను గదిలో లైటు తీసేసి ఆడతాను, కాబట్టి ముఖం మీద పడే వెలుతురంతా మానిటర్‌దే. స్క్రీన్ మీద చీకటి పడగానే నా ముఖమూ చీకట్లోకి వెళ్లి, ఎఫ్‌పీఎస్ సగానికి పడిపోయేది.

పరిష్కారం: మొదట లైటు. మానిటర్ పక్కనుంచి ముఖం మీద పడేలా ఒక టేబుల్ లైటు పెట్టండి. తల వెనక వద్దు, ముఖం నల్లబడుతుంది. తర్వాత కెమెరా ప్రాపర్టీస్‌లో ఎక్స్‌పోజర్ పక్కనున్న ఆటో టిక్ తీసేయండి. లో లైట్ కాంపెన్సేషన్ (వెలుతురు తగ్గితే చిత్రాన్ని తనే సర్దే ఆప్షన్) ఉంటే అదీ ఆపండి. విండోస్‌లో ఈ స్లైడర్ సాధారణంగా మైనస్ అంకెల్లో ఉంటుంది: -5 అంటే సుమారు సెకనులో 32వ వంతు, -6 అంటే 64వ వంతు. -6తో మొదలుపెట్టండి. చిత్రం చీకటిగా ఉంటే గెయిన్ (కెమెరా సిగ్నల్‌ని పెంచి చిత్రాన్ని వెలుతురుగా చేసే సెట్టింగ్) కొద్దిగా పెంచండి. చిత్రంలో చుక్కలు వచ్చినా ఫర్వాలేదు, మసక కంటే అవే నయం. లైటు పెట్టకుండా ఎక్స్‌పోజర్ ఒక్కటే తగ్గిస్తే ట్రాకర్‌కి ముఖమే దొరకదు.

చాలా కెమెరాలు కేబుల్ ఊడదీసి పెట్టగానే మళ్లీ ఆటోకి పోతాయి. నిన్న బాగుండి ఇవాళ మళ్లీ మొదలైతే ముందు ఆ టిక్ చూడండి.

ఎఫ్‌పీఎస్ 30 దగ్గర నిలబడ్డాకే ఫిల్టర్ జోలికి వెళ్లండి. పాత ప్రయత్నాల్లో పెంచిన స్మూతింగ్‌ని ముందు డిఫాల్ట్‌కి తెచ్చి, తల కదలకుండా కూర్చున్నప్పుడు వణుకు ఆగేంత వరకే పెంచండి.

వెలుతురు బాగున్నా ఎఫ్‌పీఎస్ 10 దగ్గరే ఆగితే ఫార్మాట్ మార్చండి. కంప్రెస్ చేయని 720పీ వీడియోకి 30 ఎఫ్‌పీఎస్ దగ్గర సెకనుకు సుమారు 55 మెగాబైట్లు కావాలి, యూఎస్‌బీ 2.0 మీద అంత పట్టదు. ఎంజేపెగ్ (కంప్రెస్ చేసిన వీడియో ఫార్మాట్) గానీ 640×480 గానీ చాలు.

మిగతావి అరుదు. చిత్రం రెపరెపలాడితే పవర్ లైన్ ఫ్రీక్వెన్సీని మీ కరెంటుకి తగ్గట్టు 50కో 60కో మార్చండి. వ్యూ పక్కకి జరిగి ఉంటే సెంటర్ కీ నొక్కండి.